మొదట నేనెక్కిన కారు

మా చెల్లెలి కూతురి కొడుకు, అంటే నాకూ మనవడే, ఇంజనీరింగు చదువుతున్నవాడు, పోయిన నెలలో ఒక సాయంత్రం నా మంచం పట్టెమీద కూర్చుని సెల్‌ఫోన్లో కార్ల బొమ్మలు ఒకటొకటిగా జరుపుతూ చూపించాడు. కొత్తవి కావు, ఎవరో వాడి అమ్ముకున్నవి. వాడి కాలేజీ బెజవాడ వైపు. హైవే మీద లారీల మధ్య మోటారు సైకిలు వద్దని వాళ్ళమ్మ పట్టుబట్టింది, బస్సులో నిలబడి పోలేనని వీడు పట్టుబట్టాడు, చివరికి పాత కారు దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది. తక్కువలో రావాలి, దారి మధ్యలో ఆగిపోకూడదు. ఈ రెండూ ఒకే బండిలో దొరకడం మన రోజుల్లోనూ కష్టమే, ఇప్పుడూ కష్టమే.

"పెద్దమ్మమ్మా, నువ్వు కూడా వచ్చి చూడవా? కారు చూడ్డం నీకు బాగా తెలుసంట గదా, అమ్మమ్మ చెప్పింది" అన్నాడు. అమ్మమ్మ అంటే మా చెల్లెలు. ఆవిడ వాడికి ఏం చెప్పి ఉంటుందో, ఏం చెప్పకుండా మింగేసి ఉంటుందో ఊహించుకుని లోపల్లోపల నవ్వుకున్నాను.

మర్నాడు జగ్గయ్యపేట నుంచి ఆటో మాట్లాడుకుని ఇద్దరం నందిగామ వెళ్ళాం. అక్కడ హైవే పక్కన రేకుల షెడ్డు కింద పాత కార్లను కడిగి తుడిచి వరసగా నిలబెట్టారు. నాకు పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. నేటికీ తొడ నుంచి మడమ దాకా ఇనపకడ్డీల జోడు తొడుక్కునే నడుస్తాను, ఈమధ్య చేతికర్ర కూడా తోడైంది. షెడ్డు యజమాని నన్ను చూసి గబగబా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేసి, మీరు కూర్చోండమ్మా, బాబు చూసుకుంటాడు అన్నాడు. నేను కూర్చోలేదు. వాడు మోజుపడిన ఎత్తైన నల్లకారు దగ్గరికి పోయి సీటుబెల్టును చివరికంటా లాగాను. రోజూ కనబడే మూర శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే చివర మాత్రం బురద చార కట్టి ఉంది. వరదనీళ్ళలో మునిగిన కారన్నమాట. ఏ కారైనా పైకి ఏం చెప్పినా, అది ఎక్కడ బతికిందో సందుల్లో రాసి ఉంటుంది. ఈ ముక్క నేను ఎక్కడ నేర్చుకున్నానో కాసేపట్లో చెబుతాను.

చివరికి ఒక బూడిదరంగు చిన్నకారు నాకు నచ్చింది. తలుపులు వెడల్పుగా తెరుచుకుంటున్నాయి, సీటు కిందుగా ఉంది, ఇంజను మాట సాఫీగా ఉంది. వాడింకా టైర్లు చూస్తూ ఉండగానే నేను వెనకసీట్లో కూర్చుని, మోకాలి దగ్గర జోడు గడియ తీసి, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాను. మా ఇంటివాళ్ళలో ఆ కారు మొదట ఎక్కింది నేను. నేను ఎక్కాకే వాడు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఈ సంగతి మీరు కాస్త మనసులో పెట్టుకోండి.

మా నాన్నకూ బాబాయికీ కలిపి జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం ఉండేది, నందిగామలో బాబాయి చూసుకునే కొట్టు ఇంకొకటి. నాకు లెక్కలంటే పిచ్చి. ఇంటరు అయ్యాక నాకు కావలసిన గ్రూపు నందిగామ కాలేజీలో ఉందని తెలిసి అక్కడ చేరతానని అన్నం మానేసి కూర్చుంటే, మా నాయనమ్మ తప్ప అందరూ సరేనన్నారు. అప్పటి బస్సుల సంగతి మీకు నేను చెప్పాలా? మెట్టు మోకాలెత్తున ఉండేది, కాలు పెట్టేలోగా విజిల్ వేసేవారు. చేరిన కొత్తల్లోనే ఒకరోజు నందిగామ బస్టాండులో మెట్టు మీంచి జారి మొహం నేలకు కొట్టుకుంది, ముందుపన్ను విరిగింది. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారే గాని ఒక్కరు దిగలేదు. "నడవలేనోళ్ళు ఇంట్లో ఉండొచ్చు గదా" అని ఎవరో అన్నది మాత్రం బాగా వినబడింది. ఆ గొంతు మగదో ఆడదో గుర్తులేదు, ఆ మాట మాత్రం పన్ను విరిగిన సందులో ఇన్నేళ్ళుగా ఇరుక్కునే ఉంది.

ఆ రాత్రే నాన్న కారు కొందామన్నాడు. నా మీద జాలి కొంతా, రోజూ నందిగామ పోయివచ్చే బాబాయికి పనికొస్తుందన్న ఆలోచన కొంతా. పాతదే, కాని నిలబడేది కావాలి. రోజూ ఎక్కి దిగవలసింది నువ్వు కాబట్టి నువ్వే చూసి చెప్పమ్మా అన్నాడు. మా ఇంట్లో ఒక ఆడపిల్లను నీకేది కావాలని అడగడం నాకు తెలిసి అదే మొదలు, అదే ఆఖరు కూడాను.

బాబాయి మనసు నందిగామలో ఒక ప్లీడరుగారి ఫియట్ మీద ఉండేది. మీగడరంగు, వెనక అద్దానికి కుచ్చుల తెర, లోపల అత్తరు వాసన. అది ఎక్కబోతే నా ఇనపకాలు ముందుసీటుకూ తలుపుకూ మధ్య ఇరుక్కుని ముందుకూ రాలేదు, వెనక్కూ రాలేదు. ప్లీడరుగారి పిల్లలు అరుగు మీద నిలబడి పగలబడి నవ్వారు. బాబాయి వాళ్ళను కసరకపోగా, తనూ నవ్వి, అలవాటైతే అదే పడుతుందిలే అన్నాడు. కాలు అలవాటు పడడానికి అదేమైనా కొత్తచెప్పా?

తర్వాత చూసింది మా ఊరి పక్క సున్నపురాయి క్వారీ కాంట్రాక్టరు అమ్మజూపిన అంబాసిడర్. నాన్నా, నేనూ మాత్రమే వెళ్ళాం. దాని అసలు రంగు ఏమిటో చెప్పడం కష్టం, అంతటా తెల్లదుమ్ము. తలుపు బందుల్లో, సీటు కుట్లలో, అద్దం దిగే సందులో, ఎంత తుడిచినా మళ్ళీ ఊరుతున్నట్టు వచ్చే దుమ్ము. రాళ్ళబాటలో మనుషుల్నీ సామాన్నీ పట్టనంతగా మోసీ మోసీ వెనకవైపు కుంగిపోయి, ముసలిగేదెలాగా నేలకు కూలబడి ఉంది. నాన్న మొహం ముడుచుకున్నాడు. నేను మాత్రం వెనక తలుపు తీశాను. అది బారెడు తెరుచుకుంది. సీటు అంచు సరిగ్గా నా తుంటికింద తగిలింది. నేను మనిషిని పొట్టి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరి భుజమూ అడగకుండా, కూర్చుని కాలు లోపలికి లాక్కున్నాను. ఒక బండిలోకి నా అంతట నేను ఎక్కడం నా జన్మలో అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుమ్ము పడిందన్నాను. నాన్న ముందుసీట్లోకి వచ్చి కూర్చుని, వెనక్కి తిరిగి చూసి, "ఇదేనా తల్లీ?" అన్నాడు. ఇదే అన్నాను.

మెకానిక్ సాయిబు వచ్చి తిప్పి చూసి, ఇంజను మంచిదే, వెనక బరువు మోసే కమాన్ కట్టలే కుంగినాయి, మార్పిస్తే బండి లేచి నిలబడతది అన్నాడు. వద్దు, అలాగే ఉండనివ్వండి అన్నాను. అందరికీ లోపమనిపించిన ఆ కుంగుబాటే నాకు మెట్టు.

బండి ఇంటికి వచ్చిన రోజు మా నాయనమ్మ ఉదయం నుంచే హడావుడి. పసుపు, కుంకుమ, గుమ్మడికాయ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు. నేనూ తలంటుకుని, ఉన్నవాటిలో మంచి లంగావోణీ కట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, ఆవిడ హారతిపళ్ళెం పట్టుకుని నా వైపు తిరిగింది. "ఇదిగో అమ్మాయ్, పూజయ్యేదాకా నువ్వు కాస్త పెరట్లోకి పోయి కూర్చో. మంచిపని జరిగేటప్పుడు బండికి నువ్వు ఎదురుండకూడదు. మళ్ళా పిలుస్తాలే" అంది. కోపంగా కూడా అనలేదు. పాలు పొంగకుండా చూడమన్నంత మామూలుగా అంది. నా కోసం కొన్న కారు, నేను ఏరి తెచ్చిన కారు! అమ్మ కొంగు సర్దుకుంది. బాబాయి తాళంచెవి వేలికి తిప్పుకుంటున్నాడు. ఆ బండిలో ముందుగా కూర్చున్నది ఎవరో తెలిసిన మనిషి ఆ వాకిట్లో ఒక్కడే ఉన్నాడు, ఆయన గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగిస్తున్నాడు. పెరట్లో రోలు పక్కన కూర్చుని నిమ్మకాయలు చిట్లిన చప్పుడు విన్నాను. మళ్ళీ పిలుస్తానన్న మనిషి పిలవలేదు, అందరూ ఎక్కి గుడికి వెళ్ళిపోయారు.

అయినా చెబుతున్నాను, తర్వాత ఆ కారులో కాలేజీకి తిరిగిన రోజులే నా జీవితం మొత్తంలో నేను పోగేసుకున్న సుఖం. చిల్లకల్లు దాటాక రెండువైపులా పత్తిచేలు, ఎదురుగా సిమెంటు లారీలు, కిటికీలోంచి కొట్టే వేడిగాలి, దాంతోపాటు సందుల్లోంచి లేచి నా జడ మీద వాలే క్వారీ దుమ్ము. క్లాసులో పిల్లలు నన్ను సున్నపు బొమ్మ అనేవారు. పడి పన్ను విరగ్గొట్టుకున్నదని అనిపించుకోవడంకంటే అదే నయమనుకునేదాన్ని. దారిపొడుగునా బాబాయి నాతో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఆయన ఏదైనా బేరం మాట్లాడబోయే రోజున నేను కాలేజీ దగ్గర దిగేదాకా మొహం గంటు పెట్టుకుని, నేను దిగాక తనూ బండి దిగి చెంబుతో నీళ్ళు తీసుకుని కాళ్ళూ మొహమూ కడుక్కుని మరీ వెళ్ళేవాడు. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. చూడనట్టు నడవడం నాకు అప్పటికే వచ్చు.

డిగ్రీ ఆఖరి ఏడాది పరీక్షలు వచ్చాయి. అన్నీ రాశాను, లెక్కల పేపరు ఒకటి మిగిలింది. అది నేను కళ్ళు మూసుకుని రాయగల పేపరు. సరిగ్గా అదేరోజున మా చెల్లెల్ని చూసుకోవడానికి రెడ్డిగూడెం నుంచి పెళ్ళివారు వస్తామని కబురు పెట్టారు. వాళ్ళు బస్సులు మారి నందిగామలో దిగుతారు, అక్కణ్ణుంచి బాబాయి కారులో ఇంటికి తీసుకురావాలి. నాకు భలే కలిసొచ్చిందనిపించింది. వాళ్ళను తేవడానికి కారు ఎలాగూ నందిగామకు ఖాళీగానే పోవాలి కదా, నన్ను కాలేజీ దగ్గర దింపేస్తే సరిపోతుంది.

ఆ ఉదయం వాకిట్లోకి వచ్చి చూస్తే నా కారు నాకు గుర్తుపట్టరాలేదు. పెళ్ళివారికి అదుర్లు తగలకూడదని బాబాయి ముందురోజు దాన్ని షెడ్డుకు తీసుకెళ్ళి కొత్త కమాన్ కట్టలు వేయించి, నిండా ఎక్కినా కుంగకుండా అదనంగా ఒక ఇనపపట్టీ కూడా బిగించుకొచ్చాడట. వెనకవైపు పైకి లేచి కూర్చుంది. నాకెవరూ చెప్పలేదు. తలుపు తీసి సీటు మీదికి ఒరగబోతే అంచు నడుముకు తగిలింది. రెండు చేతులా పట్టుకుని ఎగబాకబోయాను, ఇనపజోడు బండికి కొట్టుకుని ఖణేలుమంది. ఆ చప్పుడుకు నాయనమ్మ బయటికి వచ్చింది.

"ఓసి నీ మొహం మండ, శుభమా అని పిల్లదాని కోసం పోయే బండి గదే! అందులో తొలి అడుగు నీదా? దిగు, దిగు" అంటూ పరుగున వచ్చి, నా భుజం పట్టుకుని వెనక్కి లాగి తలుపు వేసింది. కారు నందిగామే కదా పోయేది, నేనూ అక్కడికే కదా అన్నాను. "ఖాళీగా పోతే పోయిందిగాని కుంటికాలు మోసుకుని పోతే ఈ సంబంధం కుదిరినట్టే" అంది. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏవండీ" అని నాన్నను పిలిచి ఊరుకుంది. బాబాయి, "నేనేం చేసేది వదినా, అమ్మ వద్దంటంది గదా" అంటూ ఇంజను స్టార్టు చేశాడు. చెల్లెలు కిటికీ దగ్గర జడలో పూలు పెట్టించుకుంటూ ఇటే చూస్తోంది.

నేను నాన్న వైపు చూశాను. ఆయన ఒక్కమాట అంటే చాలు. అమ్మా, ఈ బండి మొదట ఎక్కిందే ఇది, క్వారీలో నా కళ్ళముందు ఎక్కింది, తర్వాత మనకు ఏం అరిష్టం జరిగింది, అని అంటే ఆవిడ దగ్గర జవాబు ఉండేది కాదు. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఈలోగా నా కారు ఖాళీగా, సీట్లమీద ఉతికిన దుప్పటి పరుచుకుని, మా కాలేజీ ముందునుంచే పోయే ఆ దారిన వెళ్ళిపోయింది.

రిక్షా పిలిచి బస్టాండుకు పోయాను. మొదటి బస్సు మెట్టు నాకు అందలేదు, రెండోదాన్లోకి పూలమ్మే ముసలావిడ నన్ను వెనకనుంచి నెట్టింది. సగం దారిలో మా కారు ఎదురొచ్చింది. వెనకసీటు నిండా పట్టుచీరలు, ముందు ఒక తలపాగా, ఒక్క అదురూ లేకుండా వస్తోంది. బాబాయి తల తిప్పి బస్సు వైపు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ రోడ్డు వైపు చూసుకున్నాడు. నేను కాలేజీ చేరేసరికి హాలు తలుపులు మూసేశారు. ఆలస్యమైనవాళ్ళను రానివ్వకూడదన్నది నిబంధన, అక్కడివాళ్ళను నేను తప్పు పట్టను. వరండాలో కూర్చున్నాను. లోపల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వింటూ, ఏ ప్రశ్నలు ఇచ్చి ఉంటారో ఊహించుకుని, మనసులోనే అన్నిటికీ జవాబులు రాసేశాను.

సంబంధం కుదిరింది. నాయనమ్మ ఊళ్ళో అందరికీ, నేను ఎదురు రాకుండా చూసుకున్నాను కాబట్టే కుదిరిందని చెప్పుకుంది. మిగిలిపోయిన పేపరు మళ్ళీ రాస్తానంటే నాన్న, "ఇప్పుడది పాసై ఏం చెయ్యాలమ్మా, చదువు వచ్చింది కదా, అది చాలు" అన్నాడు. పోనీ ఆ అదనపు పట్టీ ఊడదీయించమంటే, చేయించింది ఎవరైనా మళ్ళీ ఊడదీస్తారా అన్నాడు బాబాయి. ఎత్తి కూర్చోబెట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి, ఆ ఒకరు ఎప్పుడూ తొందరలో ఉండేవారు. మొదట బండి దూరమైంది, దాని వెనకే కాలేజీ. ఊళ్ళో పిల్లలకు ఇంట్లోనే లెక్కలు చెప్పుకుంటూ బతికాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. నేను మాత్రం ఈనాటికీ ఒక్క పేపరు తక్కువ.

నాన్న పోయే ముందు మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, క్వారీ అన్నాడు, ఆ పైన మాట రాలేదు. నేను చెవి ఒగ్గలేదు. అవసరమైనప్పుడు రాని మాట ఇప్పుడెందుకని చెయ్యి విడిపించుకుని మందు కలపడానికి లేచాను. నన్ను కఠినురాలని అనుకుంటే అనుకోండి.

మొన్న శుక్రవారం బూడిదరంగు కారు ఇంటికి వచ్చింది. చెల్లెలు రెడ్డిగూడెం నుంచి దానికోసమే దిగింది. పెద్ద సంసారం చేసింది, పిల్లలూ మనవలూ, చేతినిండా గాజులూ, ఏ లోటూ లేదు. ఆనాడు మా అంబాసిడర్లో వచ్చిన పెళ్ళివారు తెచ్చిన సంబంధమే, నా కుంటికాలు మొదట పడ్డ కారులో వచ్చిన సంబంధమే. ఆవిడ తన చేత్తోనే నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు సర్దింది. నేను చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తుంటే, చెల్లెలి కూతురు, మనవడి తల్లి, నేను అక్షరాలు దిద్దించి పెంచిన పిల్ల, ఎదురొచ్చి ఎంతో ప్రేమగా నా భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"పెద్దమ్మా, ఎండ మండిపోతంది, మీరు లోపల కూర్చోండి. ఏసీ వేసి ఉంచాను. పూజ కాగానే వాణ్ణి పంపిస్తాను, మిమ్మల్ని ఒక రౌండు తిప్పుతాడు" అంది.

చెల్లెలు వంగి నిమ్మకాయలు సర్దుతూనే ఉంది, సర్దడం ఎప్పుడో అయిపోయినా. నేను మనవడి వైపు చూశాను. నందిగామ షెడ్డులో వాడి కళ్ళముందే కదా నేను ఎక్కాను! అమ్మా, దీన్లో మొదట కూర్చుంది పెద్దమ్మమ్మే, అని వాడంటే చాలు. వాడు సెల్‌ఫోన్ తీసి, చొక్కా అంచుతో దాని అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

లోపలికి వచ్చి చల్లటి గదిలో కూర్చున్నాను. కిటికీ తలుపులు బిగించి ఉన్నాయి కాబట్టి నిమ్మకాయల చప్పుడు ఈసారి వినబడలేదు. మన రోజులు పోయాయని మనమందరం బెంగపడుతుంటాం, నేనూ పడుతుంటాను, పోయినవాటిలో మంచివి చాలానే ఉన్నాయి. నాయనమ్మ ఉండి ఉంటే పెరట్లోకి పో అనేది. ఇప్పుడు అండీ అంటున్నారు, కుర్చీ వేస్తున్నారు, మంచినీళ్ళు ఇస్తున్నారు. కాసేపటికి బయట కారు స్టార్టైంది, అందరూ ఎక్కి గుడికి వెళ్ళారు. వాడు తిరిగి వచ్చి నన్ను పిలుస్తాడేమోనని లేవడానికి సిద్ధంగా జోడు గడియ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను.